ట్రాక్ డేకి ఫోన్ యాప్ చాలా, లేక వేరే ల్యాప్ టైమర్ కొనాలా?

నెల్లూరు_390:

అన్నలందరికీ నమస్తే. మాది నెల్లూరు, బండి కేటీఎం ఆర్‌సీ 390. మద్రాస్ ట్రాక్‌లో, అదే ఇరుంగాట్టుకోట్టైలో, వచ్చే నెల ట్రాక్ డేకి (డబ్బు కట్టి మన బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) మళ్లీ పేరు ఇచ్చాను. పోయినసారి ఫోన్‌లో ఒక్కో ల్యాప్‌కి, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టుకి, పట్టే టైమ్ చూపే రేస్‌క్రోనో యాప్ ఆన్ చేసి, ఫోన్‌ని రైడింగ్ సూట్ లోపల ఛాతీ దగ్గర జేబులో పెట్టుకుని తిరిగాను. మంచి ల్యాప్ 2 నిమిషాల 21.3 సెకన్లు అని చూపించింది. అదే ల్యాప్‌ని పిట్ గోడ దగ్గర నిలబడి మా ఫ్రెండ్ స్టాప్‌వాచ్‌తో చూస్తే 2:20.8 వచ్చింది. అర సెకను తేడా అంటే చిన్నదేం కాదు కదా, నేను కష్టపడి తగ్గించుకున్నదే సెకనో సెకనున్నరో.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, ఫోన్ లెక్క నమ్మొచ్చా? ఎయిమ్ సోలో 2 లాంటి టైమర్ కొందామంటే రేటు చూసి ఆగిపోయాను, ఆ డబ్బుతో ఒక జత టైర్లు, ఇంకో రెండు ట్రాక్ డేలు అయిపోతాయి. మధ్యలో రేస్‌బాక్స్ అనే చిన్న జీపీఎస్ పెట్టె ఒకటి ఉందని విన్నాను, అది ఫోన్‌కి బ్లూటూత్‌తో కలుస్తుందంట. వాడిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు రేసుల్లో దిగే ఆలోచన లేదు, ఎక్కడ టైమ్ పోతోందో తెలుసుకుని బాగా నడపడం నేర్చుకోవాలని ఉంది, అంతే.

ఒంగోలు_డ్యూక్:

తమ్ముడూ, కొత్తలో యాప్ చాలు. నువ్వు ఇంకా ఒక్కో ట్రాక్ డేకి సెకన్లకు సెకన్లు తగ్గించుకునే స్టేజ్‌లో ఉన్నావు, అక్కడ పదో వంతు సెకను తేడా పట్టించుకోవాల్సిన పనే లేదు. డబ్బులు బ్రేక్ ప్యాడ్ల మీద, టైర్ల మీద పెట్టు, మిగిలితే ట్రైనింగ్ స్కూల్‌కి కట్టు. నాకు తెలిసి మనవైపు నుంచి వెళ్లే వాళ్లలో చాలామంది ఫోన్‌తోనే లాగిస్తున్నారు.

ఒక్కటి మాత్రం విను, ఫోన్ ఛాతీ దగ్గర పెట్టొద్దు. పడితే అది నేరుగా పక్కటెముకల మీదే నొక్కుకుంటుంది. సూట్ లోపల గట్టి వస్తువు ఏదీ ఉండకూడదు, తాళంచెవి కూడా.

కావలి_టెలిమెట్రీ:

ఒంగోలు అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ల్యాప్ టైమ్ ఒక్కటే కావాలంటే ఫోన్ చాలు. కానీ 390 తమ్ముడు అడిగింది ఎక్కడ టైమ్ పోతోందో తెలియాలని, అది ఫోన్ వల్ల కాదు. ఈ రెండూ వేరు వేరు పనులు, వీటిని కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా గొడవ అవుతుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మామూలు ఫోన్‌లో ఉండే జీపీఎస్ సెకనుకి ఒక్కసారే నీ పొజిషన్ చెబుతుంది. స్టార్ట్ లైన్ దగ్గర నువ్వు గంటకి 150 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్నావనుకో, సెకనుకి దాదాపు 42 మీటర్లు పోతావు. అంటే లైన్‌కి ముందు ఒక చుక్క, దాటాక ఒక చుక్క, మధ్యలో 42 మీటర్ల ఖాళీ. ఇది చూసి చాలామంది ‘ఇంకేముంది, టైమ్ అంతా తప్పే’ అనేస్తారు. అలా కాదు. ఆ రెండు చుక్కల మధ్య నువ్వు దాదాపు ఒకే స్పీడ్‌లో తిన్నగా పోతున్నావు కాబట్టి, లైన్‌ని ఎప్పుడు దాటావో యాప్ లెక్కగట్టగలదు. ఆ ఒక్క సెకనులో స్పీడ్ 140 నుంచి 150కి పెరిగినా సరే, సమానంగా పంచి వేసే ఆ లెక్కలో వచ్చే తప్పు సెకనులో వందో వంతు కూడా ఉండదు. ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

అసలు తప్పు వచ్చేది పొజిషన్‌లో. చుక్క నిజంగా నువ్వున్న చోటికి మూడు మీటర్లు ముందో వెనకో పడిందనుకుందాం. 150 స్పీడ్‌లో మూడు మీటర్లంటే 0.07 సెకను. అదే లైన్‌ని నువ్వు గంటకి 60 స్పీడ్‌లో దాటితే ఆ మూడు మీటర్లే 0.18 సెకను అవుతాయి. అందుకే యాప్‌లో స్టార్ట్ లైన్‌ని ఎప్పుడూ బాగా స్పీడ్ మీద ఉండే చోట, స్ట్రెయిట్ మధ్యలో పెట్టుకోవాలి. బ్రేక్ వేసే చోట పెట్టుకుంటే లెక్క చెడుతుంది. అసలైన స్టార్ట్ లైన్ మీదే పెట్టాలన్న రూల్ ఏం లేదు, నీ ల్యాప్‌లని నీ ల్యాప్‌లతోనే పోల్చుకుంటున్నావు కదా.

ఇంకో మంచి సంగతి ఉంది. జీపీఎస్ తప్పు అనేది నిమిష నిమిషానికీ ఎటు పడితే అటు గెంతదు, నెమ్మదిగా జరుగుతుంది. వాతావరణం వల్ల, ఉపగ్రహాల పొజిషన్ వల్ల చుక్క రెండు మీటర్లు తూర్పుకి జరిగి ఉంటే, తర్వాతి ల్యాప్‌లో కూడా ఇంచుమించు అటే ఉంటుంది. కాబట్టి రెండు ల్యాప్‌ల మధ్య తేడాలో ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ ఇది ఫోన్‌కి ఆకాశం బాగా కనపడుతున్నప్పుడే. ఛాతీ జేబులో పెట్టి ట్యాంక్ మీదకి వంగి పడుకుంటే ఫోన్‌కి ఆకాశానికి మధ్య నీ ఒళ్లే అడ్డం, మనిషి ఒంట్లో ఉన్నదంతా నీళ్లే, జీపీఎస్ సిగ్నల్ నీళ్లని దాటి రాలేదు. నీకు అర సెకను తేడా రావడానికి ఇదే ముఖ్య కారణం అని నా అనుమానం. మీ ఫ్రెండ్ వేలు కూడా నొక్కిన ప్రతిసారీ సెకనులో పదో వంతో, రెండు పదో వంతులో అటూ ఇటూ అవుతుంది, దాన్ని కూడా గీటురాయిగా తీసుకోవద్దు.

ఇక మలుపుల సంగతి. ఫోన్ ఓడిపోయేది ఇక్కడే. 60 స్పీడ్‌లో తిరిగే మలుపులో చుక్కకి చుక్కకి మధ్య దాదాపు 17 మీటర్లు. మూడు నాలుగు చుక్కల్లో మలుపు అయిపోతుంది. నువ్వు ఎక్కడ బ్రేక్ పట్టావు, ఎక్కడ వదిలావు, ఎపెక్స్ (మలుపు లోపలి అంచుకి బాగా దగ్గరగా వచ్చే చోటు) దగ్గర కనిష్ఠ స్పీడ్ ఎంత, మళ్లీ థ్రాటిల్ ఎప్పుడు తెరిచావు, ఇవన్నీ ఆ చుక్కల మధ్య ఖాళీల్లోనే జరిగిపోతాయి. దానికి తోడు ఫోన్ చిప్ చుక్కల్ని నున్నగా సర్దుతుంది, నడిచేవాళ్లకి, కార్లో పోయేవాళ్లకి మ్యాప్‌లో బాణం గుర్తు ఊగకుండా ఉండాలని. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఆ సర్దుబాటు కాస్త వెనకపడుతుంది. గ్రాఫ్‌లో నువ్వు నిజంగా పట్టిన చోటుకంటే ఆలస్యంగా బ్రేక్ పట్టినట్టు కనపడుతుంది. దాన్ని నమ్మి ‘ఇక్కడ బాగానే ఆలస్యంగా పడుతున్నానే’ అనుకుంటే నేర్చుకునేది తలకిందులవుతుంది.

25 హెర్ట్జ్ రిసీవర్ అంటే సెకనుకి 25 చుక్కలు. 120 స్పీడ్‌లో కూడా ప్రతి 1.33 మీటర్లకి ఒకటి. అప్పుడు రెండు ల్యాప్‌లని ఒకదాని మీద ఒకటి వేస్తే ఏ మలుపులో సెకనులో ఏ రెండు పదో వంతులు పోయాయో వేలు పెట్టి చూపించొచ్చు. రేస్‌బాక్స్ మినీ 25 హెర్ట్జ్, సోలో 2 అయితే 10 హెర్ట్జ్. 10 కూడా మంచి పనికే వస్తుంది, తీసిపారేసేది కాదు.

కాబట్టి నీ అవసరానికి నా సలహా సూటిగా: రేస్‌బాక్స్ లాంటి రిసీవర్ తీసుకో, నీ దగ్గరున్న యాప్‌కే కలుపు. సోలో 2 ఇప్పుడు వద్దు.

ఒంగోలు_డ్యూక్:

బ్రేక్ గ్రాఫ్ ఆలస్యంగా చూపిస్తుందన్నది నాకు కొత్త. నా పాత ఫైళ్లు తీసి చూస్తాను. ల్యాప్ టైమ్ వరకు ఫోన్ చాలన్న నా మాట మీదే ఉన్నాను.

చీమకుర్తి_పోలో:

నేను కార్ వాడిని, అందుకని ఇటువైపు నుంచి కూడా రెండు మాటలు.

ఫోన్‌తో అసలు కష్టం జీపీఎస్ కాదు, ఎండ. మన ఎండలు, ట్రాక్ ఉన్న ఆ శ్రీపెరుంబుదూర్ వైపు ఎండలు ఒకటే. అద్దం వెనక స్టాండ్‌లో పెట్టిన ఫోన్ మధ్యాహ్నం సెషన్‌లో ముందు స్క్రీన్ డిమ్ చేసుకుంటుంది, తర్వాత వేడెక్కిందని మెసేజ్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. యాపిల్ వాళ్లే ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని రాసి పెట్టారు. మన దగ్గర ఎండాకాలంలో అది దాటిపోతుంది, ఇక మూసి ఉన్న కార్లో అద్దం కింద ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. రికార్డింగ్ సగంలో ఆగిపోతే ఆ సెషన్ డబ్బులు, పెట్రోలు, టైర్లు అన్నీ ఉత్తినే పోయినట్టు. ఏసీ గాలి వచ్చే చోట క్లిప్ పెట్టుకుంటే కొంచెం నయం, కానీ ట్రాక్ మీద ఏసీ ఎవరు వేస్తారు?

నేను సోలో 2 వాడుతున్నాను. దాని గొప్పతనం చుక్కల లెక్కలో లేదు, కావలి అన్న చెప్పినట్టు అది 10 హెర్ట్జే. కానీ ట్రాక్ దగ్గరికి వెళ్లగానే ఏ ట్రాక్‌లో ఉన్నావో తనే గుర్తుపడుతుంది, ఎండలో స్క్రీన్ స్పష్టంగా కనపడుతుంది, ఫోన్ కాల్ వచ్చి రికార్డింగ్ పాడయ్యే గొడవ లేదు. డీఎల్ మోడల్ అయితే ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) నుంచి ఆర్‌పీఎం, థ్రాటిల్ కూడా తీసుకుంటుంది. ట్రాక్‌కి వెళ్తే అలసట, టెన్షన్, టైర్ ప్రెషర్, బ్రేక్ ఆయిల్, వంద పనులుంటాయి. వాటి మధ్యలో బ్లూటూత్ కలిసిందా లేదా అని చూసుకునే పని ఇంకోటి నాకు వద్దనిపించింది. డబ్బు పెట్టింది ఆ నిశ్చింత కోసం. రెగ్యులర్‌గా వెళ్లేవాళ్లకి అది విలువైనదే, ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే వాళ్లకి మాత్రం నేను కూడా వద్దనే అంటాను.

గూడూరు_రైడర్:

ఒక చిన్న ప్రశ్న. నా కొత్త ఫోన్‌లో నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు సొంత సిస్టమ్) సపోర్ట్ ఉంది. శ్రీహరికోట నుంచి పంపిన మన ఉపగ్రహాలే కదా, మన దేశం మీద ఎప్పుడూ కనపడుతూ ఉంటాయి కాబట్టి ఆ ఫోన్ అయితే ల్యాప్ టైమింగ్ ఇంకా కరెక్టుగా వస్తుందా?

కావలి_టెలిమెట్రీ:

మంచి ప్రశ్న. 2023 మేలో శ్రీహరికోట షార్ నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం నుంచి నావిక్‌లో ఎల్1 సిగ్నల్ కూడా కలిపారు, ఫోన్లలో చిప్‌లు తేలిగ్గా పట్టుకునేది ఆ సిగ్నల్‌నే. ఎక్కువ ఉపగ్రహాలు కనపడితే చుక్క తక్కువగా ఊగుతుంది, అది నిజమైన లాభమే. ఎల్5 అనే ఇంకో సిగ్నల్‌ని కూడా పట్టుకునే ఫోన్ అయితే బిల్డింగుల మధ్య ఇంకా నయం. కానీ ఎన్ని ఉపగ్రహాలు కనపడినా ఫోన్ మాత్రం సెకనుకి ఒక్క చుక్కే ఇస్తుంది. చుక్క ఎంత సరైన చోట పడింది అన్నది ఒకటి, ఎన్నిసార్లు పడింది అన్నది ఇంకోటి. నావిక్ మొదటిదానికి సాయం చేస్తుంది, రెండోదానికి చెయ్యదు.

నీ ఫోన్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఇంట్లోనే చూడొచ్చు. సాయంత్రం మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకుకి, గోడకి దూరంగా నేల మీద ఫోన్ పెట్టి, యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పది నిమిషాలు కదపకుండా వదిలెయ్. తర్వాత ఆ గీత చూడు. కదలని ఫోన్ కూడా చిన్న దారప్పోగు చుట్టినట్టు గీత గీసి ఉంటుంది. ఆ చుట్ట వెడల్పు ఎన్ని మీటర్లుందో అదే నీ ఫోన్ ఊగిసలాట. తర్వాత ఫోన్‌ని ట్యాంకు పక్కన పెట్టి మళ్లీ చెయ్, చుట్ట ఎంత పెరిగిందో చూస్తే జేబులో ఎందుకు పెట్టొద్దంటున్నానో నీకే తెలుస్తుంది.

పోర్ట్‌రోడ్_ఆర్15:

మిద్దె మీద కాదు బ్రో, రాత్రి పదకొండు దాటాక కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద ఒక లూప్ పెట్టుకుని టెస్ట్ చేస్తే సరిపోతుంది, తిన్నగా ఉంటుంది రోడ్డు.

ఒంగోలు_డ్యూక్:

వద్దు. ఇక్కడ అలాంటి సలహాలు రాయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ రోడ్డు మీద రాత్రంతా లారీలే, లైట్లు లేకుండా పక్కన ఆపేసినవి కూడా ఉంటాయి. టైమర్ ఆన్ చేసిన మరుక్షణం మనిషి ఆలోచన మారిపోతుంది, బ్రేక్ పట్టాల్సిన చోట కూడా పట్టడు. టైమర్ అనేది గేటు మూసి, అంబులెన్స్ నిలబెట్టి, ఎదురు బండి రాని చోట వాడే వస్తువు. నెల్లూరు నుంచి మద్రాస్ ట్రాక్‌కి హైవే మీద పొద్దున్నే బయల్దేరితే సెషన్ మొదలయ్యేలోపు చేరిపోవచ్చు, ఇంత దగ్గర్లో ట్రాక్ ఉండటం మన అదృష్టం.

పోర్ట్‌రోడ్_ఆర్15:

సరే అన్నా, అర్థమైంది. ఆ మాట తీసేసుకుంటున్నా.

నెల్లూరు_390:

అందరికీ థ్యాంక్స్ అన్నా. నిన్న సాయంత్రం మిద్దె మీద పెట్టి చూశాను. ఖాళీగా ఉన్న చోట చుట్ట మూడు నాలుగు మీటర్లు ఉంది, ట్యాంకు పక్కన పెడితే పది మీటర్లు దాటింది, ఒక చోట గీత పక్కింటి కొబ్బరిచెట్టు దాకా పోయి వచ్చింది. ఇక జేబు ఆలోచన మానేశాను. రేస్‌బాక్స్ తీసుకోవడానికే డిసైడ్ అయ్యాను.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, దాన్ని బండి మీద ఎక్కడ పెట్టాలి? రెండు, ఫోన్‌ని హ్యాండిల్ మీద మౌంట్ చేసి టైమ్ కనపడేలా పెట్టుకోవచ్చా, నడుపుతూ చూసుకోవచ్చు కదా. ఇంకా ఆ పోటీల్లో వాడే ట్రాన్స్‌పాండర్ లాంటిది ట్రాక్ డేలో అద్దెకి దొరికితే అది వీటన్నిటికంటే మేలు కదా?

చీమకుర్తి_పోలో:

ట్రాన్స్‌పాండర్ సంగతి నేను చెప్తాను. ట్రాక్ కింద లైన్ దగ్గర వైర్ లూప్ పూడ్చి ఉంటుంది, బండికి పెట్టిన చిన్న పెట్టె పంపే సిగ్నల్‌ని దాటిన క్షణంలో అది పట్టుకుంటుంది. మైల్యాప్స్ వాళ్ల సిస్టమ్ ప్రపంచమంతా వాడేది అదే. ఖచ్చితంగా ఎవరు ముందు అన్నది తేల్చడానికి అంతకు మించింది లేదు, ఫలితాలు వెయ్యో వంతు సెకను వరకు వేస్తారు. కానీ అది చెప్పేది లైన్ దాటిన టైమ్ ఒక్కటే. 3.717 కిలోమీటర్ల ట్రాక్‌లో లైన్ నుంచి లైన్ దాకా ఏం జరిగిందో దానికి తెలియదు. ట్రాక్ డేలో ఇస్తే తీసుకో, నీ జీపీఎస్ లెక్కని దానితో పోల్చుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి ఆశించకు.

కావలి_టెలిమెట్రీ:

పోల్చుకోవడానికి యాక్షన్ కెమెరా కూడా పనికొస్తుంది, ట్రాన్స్‌పాండర్ దొరక్కపోతే. సెకనుకి 30 ఫ్రేములు తీసే వీడియోలో ముందు టైరు లైన్‌ని తాకిన ఫ్రేమ్ నుంచి మళ్లీ తాకిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే ముప్పయ్యో వంతు సెకను వరకు తెలుస్తుంది, 60 ఫ్రేములైతే ఇంకా దగ్గరగా. వేలితో నొక్కే స్టాప్‌వాచ్‌కంటే ఎంతో నయం. కెమెరాలోనే జీపీఎస్ ఉంటే డేటా కూడా వస్తుంది, గోప్రో కొనేటట్టయితే మాత్రం మోడల్ చూసుకో, 12లో జీపీఎస్ తీసేశారు, 13లో మళ్లీ పెట్టారు.

ఫోన్‌ని హ్యాండిల్ మీద పెట్టే పని వద్దు. మూడు కారణాలు. సింగిల్ సిలిండర్ బండి వణుకు ఫోన్ కెమెరాకి మంచిది కాదు, 2021లో యాపిల్ ఈ విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరిక కూడా ఇచ్చింది, బలమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల వణుకుకి లెన్స్‌ని నిలబెట్టే లోపలి భాగాలు పాడవుతాయని. రెండోది, పడ్డప్పుడు ఫోన్ ఊడి ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడికి ప్రమాదం, చాలాచోట్ల స్క్రూటినీలోనే (ట్రాక్ ఎక్కేముందు బండిని చూసే తనిఖీ) తీసేయమంటారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. నేర్చుకుంటున్నవాడు నడుపుతూ టైమ్ చూడకూడదు. స్ట్రెయిట్ చివర స్క్రీన్ వైపు అర సెకను చూస్తే, 150 స్పీడ్‌లో 20 మీటర్లు గుడ్డిగా పోయినట్టు, అదీ సరిగ్గా బ్రేక్ ఎక్కడ పట్టాలో చెప్పే మార్కర్ వెతకాల్సిన చోట. టైమ్ చూసి ఇంకా గట్టిగా నడపాలన్న ఆత్రం వేరే. పెట్టె రికార్డ్ చేసుకుంటూ ఉంటుంది, నువ్వు ముందుకే చూడు, ప్యాడక్‌కి (బండ్లు ఆపుకునే చోటు) వచ్చి మంచినీళ్లు తాగి నింపాదిగా చూసుకో.

అందుకే తీసుకునేటప్పుడు రేస్‌బాక్స్ మినీ ఎస్ చూడు. అందులో సొంత మెమరీ ఉంది, ఫోన్ బండి మీద లేకపోయినా రికార్డ్ చేస్తుంది. ఫోన్‌ని బ్యాగులో నీడలో పెట్టెయ్యొచ్చు, పోలో అన్న చెప్పిన ఎండ బాధ కూడా తప్పుతుంది.

ఎక్కడ పెట్టాలంటే, వెనక సీట్ కవర్ మీద, టెయిల్ ప్లాస్టిక్ చదునుగా ఉన్న చోట. ఆకాశం మొత్తం కనపడుతుంది, మలుపులో బండి ఒరిగినా ఒక పక్క ఉపగ్రహాలు పోవు, నీ ఒళ్లు అడ్డం రాదు. ప్లాస్టిక్ కింద పెట్టినా పనిచేస్తుంది కానీ ఇనుప రేకు కింద పెట్టకు. ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరాక మంచి వెల్క్రో అతికించు, దాని మీద పెట్టె పెట్టి, తాడుతో ఫ్రేమ్‌కి కూడా కట్టెయ్, టేప్ ఎండకి వదిలేసినా పెట్టె ట్రాక్ మీద పడదు. సెషన్‌కి ముందు పది నిమిషాలు ఆరుబయట ఆన్ చేసి వదిలెయ్, ఉపగ్రహాలన్నీ స్థిరంగా దొరుకుతాయి, మొదటి ల్యాప్ గీత వంకర్లు పోకుండా వస్తుంది. స్టార్ట్ లైన్‌ని మెయిన్ స్ట్రెయిట్ మీద మొదటి మలుపుకి బ్రేక్ వేసే చోటుకి బాగా ముందే పెట్టుకో. వచ్చాక నీ మంచి ల్యాప్ ఫైలు, మధ్యస్తంగా వచ్చిన ల్యాప్ ఫైలు రెండూ ఇక్కడ పెట్టు, మలుపు మలుపుకీ కూర్చుని చూద్దాం.